పైకప్పుంది, దారి లేదు: ఓఆర్ఆర్ సైకిల్ ట్రాక్ మీద ఏడాది తర్వాత రివ్యూ

ముందు స్టార్లు చెప్పేస్తాను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన, సోలార్ పైకప్పు కింద వేసిన సైకిల్ ట్రాక్‌కి నాలుగు. ఆ ట్రాక్ దాకా చేరుకునే దారికి ఒకటి, అదీ సున్నా ఇచ్చే వీల్లేదు కాబట్టి. రెండూ కూడి, రెండుతో భాగించి, రెండున్నర అనుకోకండి. పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, సగటు ఎంత మోసం చేస్తుందో నాకు తెలుసు. విడిగా నడిపితే ఒక్క తప్పు దొరకని మాడ్యూలు, పక్కదానితో కలపగానే చతికిలబడుతుంది. డెవలపర్ని పిలిస్తే "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది కదండీ" అంటాడు. ఈ ట్రాక్ కూడా అంతే. దాని మెషీన్‌లో అది బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

మేముండేది నార్సింగిలో. నా ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. మధ్య దూరం అయిదున్నర కిలోమీటర్లు. ఉదయం ఎనిమిదిన్నరకి కారు తీస్తే ముప్పై అయిదు నిమిషాలు. పోయినేడు ఆగస్టులో ఒకరోజు వానలో గంటా పది నిమిషాలు పట్టింది. ఆ రోజు నా పక్క నుంచి ఒక సెక్యూరిటీ గార్డు, యూనిఫాం మీద నల్ల ప్లాస్టిక్ కవర్ కప్పుకుని, సైకిల్ మీద నన్ను దాటి వెళ్లాడు. కాస్త ముందుకెళ్లాక నేనతన్ని దాటాను. మళ్లీ అతను దాటాడు. ఈ ఆట నాలుగైదు సార్లు సాగింది. చివరికి అతను ఒక టవర్ గేట్లోకి తిరిగిపోయాడు, నేను ఇంకా వైపర్లు చూస్తూ కూర్చున్నాను. ఆ శనివారమే వెళ్లి సైకిల్ కొన్నాను.

సైకిల్ గురించి రెండు ముక్కలు చెప్పి అసలు విషయానికొస్తాను. షాపులో కుర్రాడు ఇరవయ్యొక్క గేర్లు, డిస్క్ బ్రేకులు, లావు టైర్లు చూపించాడు. నేనడిగింది మడ్‌గార్డులు, చెయిన్‌కవర్, వెనక క్యారియర్, స్టాండు, బెల్లు. "అవన్నీ ఎక్స్‌ట్రా ఫిటింగ్ మేడమ్" అన్నాడు. ఖమ్మంలో మా నాన్న హెర్క్యులిస్ సైకిల్‌కి ఇవన్నీ పుట్టుకతో వచ్చాయి, డైనమో లైటుతో సహా. చున్నీ వేసుకునే మనిషి చెయిన్‌కవర్ లేని సైకిలెక్కితే ఏమవుతుందో నాకు ఇంటర్ సెకండియర్‌లోనే, వైరా రోడ్డు మీద, నలుగురి ముందూ తెలిసొచ్చింది. సైకిల్ పదమూడు వేలు, ఫిటింగులు రెండు వేల మూడొందలు. అన్నట్టు, 1951 నుంచి మన ఊళ్లన్నిటికీ సైకిళ్లు పంపిన అట్లాస్ కంపెనీ ఆఖరి ఫ్యాక్టరీ మూతపడిన తేదీ 2020 జూన్ 3. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

ఇక ట్రాక్.

2023 అక్టోబర్ 1న అప్పటి మంత్రి కేటీఆర్ దీన్ని ప్రారంభించారు. దక్షిణ కొరియాలో హైవే మధ్యలో సోలార్ పైకప్పుతో ఒక సైకిల్ దారి ఉంది, దాన్ని చూసి కట్టారు. మొత్తం 23 కిలోమీటర్లు, రెండు పాయలు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు పింక్ లైన్. నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు బ్లూ లైన్. మూడు లేన్ల వెడల్పు. పైన సోలార్ ప్యానెళ్లు, వాటి సామర్థ్యం 16 మెగావాట్లు.

ఏప్రిల్‌లో ఒకసారి, కావాలనే, మిట్టమధ్యాహ్నం వెళ్లాను. టెస్టింగ్ బుద్ధి ఎక్కడికి పోతుంది? పక్కన రోడ్డు మీద తారు వేడికి గాలి అలలు అలలుగా కనిపిస్తోంది. ట్రాక్ మీదికి ఎక్కగానే భుజాల మీంచి ఏదో దించినట్టయింది. ప్యానెళ్లకీ ప్యానెళ్లకీ మధ్య సందుల్లోంచి ఎండ సన్నటి చారలుగా పడుతుంది. నిదానంగా తొక్కితే ఆ చారలు ఒక్కొక్కటే చేతుల మీదుగా పాకుతాయి. వేగం పెంచితే అన్నీ కలిసిపోయి, ఈత చాప కింద పడుకుని పైకి చూస్తున్నట్టుంటుంది. చెమట పట్టలేదని అబద్ధం చెప్పను. కానీ పన్నెండు కిలోమీటర్లు తొక్కి ఇంటికొచ్చాక కళ్లు తిరగలేదు, తలనొప్పి రాలేదు. మన ఎండల్లో ఎవరు తొక్కుతారండీ అనేవాళ్లకి ఈ ఒక్కటి చూపిస్తే చాలు. నీడ వేస్తే తొక్కుతారు. ప్యానెలే అక్కర్లేదు, వేపచెట్టు నీడైనా నీడే.

నేల బాగుంది. సమంగా ఉంది, పాప సైకిల్ చిన్న చక్రాలు కూడా ఎగరలేదు. వానాకాలంలో పైకప్పు ఉన్నా జల్లు పక్కల నుంచి కొడుతుంది, అది పెద్ద ఫిర్యాదు కాదు. ఒక స్టార్ ఎందుకు కోశానంటే, చప్పుడు. పక్కన ఓఆర్ఆర్ మీద వేగపరిమితి గంటకు 120 కిలోమీటర్లు. లారీ వెళ్లినప్పుడల్లా గాలి దెబ్బ పక్కటెముకలకి తగులుతుంది. పైగా కొల్లూరు వైపు వెళ్లేకొద్దీ మనుషులు పలచబడతారు. చుట్టూ ఇళ్లుండవు, టీ కొట్లుండవు, ఏ ఆంటీ బాల్కనీలోంచి చూడదు. సాయంత్రం ఆరు తర్వాత ఒక్కదాన్నే అంత దూరం వెళ్లను. సీసీ కెమెరాలున్నాయి, నాకు కావాల్సింది ఆంటీలు.

ఇంతవరకూ బాగానే ఉంది కదా. ఇప్పుడు ఆ ఒక్క స్టార్ దగ్గరికొస్తాను.

మా గేటు నుంచి ట్రాక్ ఎక్కే చోటికి 1.8 కిలోమీటర్లు. మొదటి నెలంతా మేం ఆ 1.8 కిలోమీటర్లు కారులో వెళ్లాం. వెనక సీట్లు మడిచి, నా సైకిల్, పాప సైకిల్ ఒకదాని మీదొకటి పేర్చి, పెడల్ గుచ్చుకోకుండా మధ్యలో పాత దుప్పటి పెట్టి. చెయిన్ గ్రీజు సీటు కవర్‌కి అంటుకున్న రోజు మా ఆయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయం. అత్తయ్య మాత్రం అనేసింది: "చెరువుకి బిందెతో నీళ్లు మోసుకెళ్లినట్టుందే అమ్మాయ్ మీ సంబరం."

నేనొక్కదాన్నే చేస్తున్న పని కాదిది. ఆదివారం తెల్లవారుజామున అక్కడికి వెళ్లి చూడండి. వరసగా ఎస్‌యూవీలు, వెనక రాక్‌లకు వేలాడుతూ లక్ష రూపాయల సైకిళ్లు. అందరూ దించుతుంటారు, గాలి చూసుకుంటారు, హెల్మెట్ పట్టీ బిగించుకుంటారు. గంటన్నర తొక్కి మళ్లీ కట్టేసుకుని వెళ్లిపోతారు. వాళ్లని వెక్కిరించట్లేదు. చాలామంది రెండు మూడు కిలోమీటర్ల అవతల నుంచి వచ్చినవాళ్లే. అంత దూరం తొక్కలేక కాదు, కొల్లూరు దాకా వెళ్లి వచ్చేవాళ్లు. ఆ రెండు కిలోమీటర్లు తొక్కడానికి భయం.

ఆ భయం ఎలా ఉంటుందో చెప్తాను. రెండో నెల నుంచి సైకిల్ మీదే వెళ్దామని పాపా నేనూ నిర్ణయించుకున్నాం. పాప ఆరో తరగతి. గేటు దాటి ఎడమకి తిరిగితే ఫుట్‌పాత్ ఉంది, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, ఎవరో ఇల్లు కట్టి మిగిల్చిన ఇటుకలు, చికెన్ సెంటర్ బోర్డు. రోడ్డు అంచున తొక్కాలంటే అంచున కార్లు ఆపి ఉంటాయి, వాటి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలీదు. కార్లకి బయటగా తొక్కితే వెనక నుంచి హారన్. తర్వాత సర్వీస్ రోడ్డు. కాగితం మీద అది వన్‌వే. యూటర్న్ చాలా దూరం కాబట్టి బైకులన్నీ ఎదురుగా వస్తాయి. వాటర్ ట్యాంకర్ డ్రైవర్‌కి అద్దంలో పాప ఎత్తు కనిపించదు.

అసలు కష్టం ఇంటర్‌చేంజ్ దగ్గర. ఓఆర్ఆర్ దిగిన బండ్లు ఆ వేగం ఇంకా కాళ్లలోనే ఉండగా సర్వీస్ రోడ్డులోకి వస్తాయి. సిగ్నల్ లేదు, జీబ్రా గీతలు లేవు. మేమిద్దరం దిగి, సైకిళ్లు పట్టుకుని, అంచున నిలబడ్డాం. ఒక స్కూల్ బస్సు. రెండు క్యాబులు. ఇసుక లారీ. మళ్లీ క్యాబ్. పాప ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో నా కుర్తా అంచు పట్టుకుంది. పదకొండేళ్ల పిల్ల, నా బట్ట పట్టుకోవడం మానేసి నాలుగేళ్లయింది. చివరికి ఒక క్యాబ్ డ్రైవర్ ఆపి, చెయ్యూపి, "పోండమ్మా" అన్నాడు. నాలుగడుగులు వేశామో లేదో, అతని పక్క నుంచి బైకొకటి దూసుకొచ్చి పాప ముందు చక్రానికి జానెడు దూరంలో వెళ్లిపోయింది. ఏమీ కాలేదు. ట్రాక్ ఎక్కాక పాప మామూలుగానే తొక్కింది. ఇంటికొచ్చాక మాత్రం, "అమ్మా, నెక్స్ట్ వీక్ నుంచి కారులోనే వెళ్దామా?" అంది.

మా సెల్లార్‌లో పిల్లల సైకిళ్లు ఎందుకు దుమ్ము పట్టి ఉంటాయో నాకు ఆ రోజు అర్థమైంది. ఒక ఆదివారం లెక్కపెట్టాను, నలభైకి పైనే ఉన్నాయి. టైర్లలో గాలి ఉన్నవి నాలుగు. ఒకదాని బుట్టలో సాలీడు గూడు, ఇంకోదానికి ప్లాస్టిక్ కవరే విప్పలేదు. ప్రతి పుట్టినరోజుకీ సైకిల్ కొనిపెడతాం. సెల్లార్‌లో రెండు రౌండ్లు తొక్కుతారు, ఎవరో కారు గీసుకుందని గొడవ పడతారు, అంతటితో అయిపోతుంది. ఫ్లాట్‌తో పాటు రెండు కార్లకి చోటు రిజిస్టర్ చేసి ఇచ్చిన బిల్డర్, సైకిల్ తగిలించడానికి ఒక్క కొక్కెం పెట్టలేదు.

రోజూ తొక్కేవాళ్లు లేరనుకుంటే పొరపాటు. మా అపార్ట్‌మెంట్ తోటపని చేసే ఆయన పాలమూరు మనిషి, పుప్పాలగూడ నుంచి సైకిల్ మీద వస్తాడు. హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్, క్యారియర్ మీద కత్తెర, పైపు చుట్ట. వెనక మడ్‌గార్డు మీద పాత సీడీ ఒకటి అతికించుకున్నాడు, రాత్రిపూట కార్ల లైట్లకి మెరుస్తుందని. బెల్లు పోయి ఎన్నాళ్లయిందో, "ఓయ్" అని అరవడమే బెల్లు. నేను సైకిల్ కొన్నానని తెలిసి ఒకరోజు ఆగి అడిగాడు.

"మేడమ్, ఆ షెడ్డు కింది రోడ్డు మీద మమ్మల్ని గూడ పోనిస్తరా?"

"ఎవరైనా పోవచ్చన్నా. టికెట్ ఏం లేదు."

కాసేపు ఆలోచించాడు. "అది ఎటు పోతది?"

"అటు కొల్లూరు దాకా. ఇటు పోలీస్ అకాడమీ."

"మరి నాకు ఆడ ఏం పనుంది?" అని నవ్వి, పైపు విప్పుకుంటూ వెళ్లిపోయాడు.

నేను ఏడాదిగా చెప్పాలనుకుంటున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఈ ట్రాక్ మీద ఇంటి నుంచి పనికి వెళ్లడం కుదరదు, పని నుంచి కూరగాయలకి వెళ్లడం కుదరదు, స్కూలుకి కుదరదు. రింగ్ రోడ్డు వెంట రింగ్ రోడ్డు వెళ్లే చోటికే అదీ వెళ్తుంది. మనుషులు వెళ్లేది అడ్డంగా. అపార్ట్‌మెంట్ నుంచి టవర్‌కి, బస్తీ నుంచి అపార్ట్‌మెంట్‌కి, స్కూలు నుంచి ట్యూషన్‌కి. నాకు మాత్రం నానక్‌రామ్‌గూడ వైపు కొంత దూరం కలిసొస్తుంది. వారంలో మూడు రోజులు ఆఫీసుకి అలాగే వెళ్తున్నాను, ముప్పై నిమిషాలు. ట్రాక్ మీదున్నంతసేపూ పాటలు పాడుకుంటాను, దిగగానే నోరు మూతపడుతుంది.

2019లో క్లయింట్ పని మీద మూడు వారాలు నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో ఉన్నాను. ఆ ఆగస్టులోనే అక్కడి రైల్వే స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పెట్టుకునే పార్కింగ్ పూర్తిగా తెరిచారు. అది చూసి నోరెళ్లబెట్టాను గానీ, నా మనసులో ఉండిపోయింది అది కాదు. పక్కనే హౌతెన్ అని ఒక శివారు పట్టణం ఉంది, రైల్లో పది నిమిషాల లోపే. అక్కడుండే తెలుగువాళ్లు శనివారం భోజనానికి పిలిచారు. ఆయనది గుంటూరు, ఆవిడది కాకినాడ. అన్నం వడ్డించబోతూ చూస్తే పెరుగు నిండుకుంది. ఆవిడ ఎనిమిదేళ్ల కొడుకుని పిలిచి, చేతిలో డబ్బులు పెట్టి, షాపుకి వెళ్లి రమ్మంది. వాడు సైకిలేసుకుని వెళ్లిపోయాడు. నేను కంగారుగా కిటికీ దగ్గరికి వెళ్లి చూస్తూ నిలబడ్డాను. వాళ్లమ్మ అటు చూడను కూడా చూడలేదు, పప్పులో తాలింపు వేస్తోంది.

ఆ ఊరిని 1970ల్లో కొత్తగా ప్లాన్ చేసినప్పుడు ఒక పని చేశారు. ఊరి చుట్టూ రింగ్ రోడ్డు వేశారు. ఒక పేట నుంచి పక్క పేటకి కారులో వెళ్లాలంటే ముందు రింగ్ రోడ్డు ఎక్కి, చుట్టూ తిరిగి, మళ్లీ లోపలికి రావాలి. సైకిల్ అయితే ఊరి నడుమ నుంచి నేరుగా వెళ్లిపోవచ్చు. కార్లని నిషేధించలేదు, వాళ్లింటి ముందు కూడా కారుంది. పెరుగు ప్యాకెట్ కోసం కారు తీయడం తిక్క పనిగా కనిపిస్తుంది, అంతే. కొన్ని వీధుల్లో ఎర్రటి నేల మీద ఒక బోర్డు ఉంటుంది, "ఆటో తే గాస్ట్" అని. ఆటో అంటే మన ఆటో కాదు, కారు. ఇక్కడ కారు అతిథి, సైకిల్ ఇంటివాళ్లు అని దానర్థం.

అక్కడివాళ్లు పుట్టుకతోనే సైకిలెక్కి పుట్టారని మనవాళ్లు తేలిగ్గా తీసేస్తారు. అది నిజం కాదు. ఒకప్పుడు వాళ్లూ రోడ్లన్నీ కార్లకి ధారపోశారు. 1971 ఒక్క ఏడాదిలో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా పోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. "పిల్లల హత్యలు ఆపండి" అన్నదే ఆ ఉద్యమం పేరు. 1973లో చమురు సంక్షోభం వచ్చి ఇంకాస్త కలిసొచ్చింది.

అక్కడ రింగ్ రోడ్డు కారుకి, ఊరు సైకిల్‌కి. మన దగ్గర ఊరు కారుకి ఇచ్చేసి, సైకిల్‌ని తీసుకెళ్లి రింగ్ రోడ్డు పక్కన పెట్టాం. మళ్లీ చెప్తున్నాను, ట్రాక్ బాగుంది. పెట్టిన చోటు తిరగబడింది.

ఇదంతా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాసినప్పుడు వచ్చిన జవాబుల్లో నాకు బాగా గుర్తున్నది: "కార్లకే రోడ్డు చాలట్లేదు, ఇందులో సైకిళ్లకి వాటా ఏంటమ్మా? ఇక్కడ ఎకరం ఎంతో తెలుసా?" తెలుసు అంకుల్. 2023 ఆగస్టులో మా పక్కనే కోకాపేటలో, నియోపొలిస్ లేఅవుట్ భూముల వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ లెక్కే వేసి పెట్టాను. సైకిల్ దారి రెండు మీటర్ల వెడల్పున, ఒక కిలోమీటరు పొడవున వేస్తే రెండు వేల చదరపు మీటర్లు. అంటే దాదాపు అరెకరం, యాభై కోట్లు. అమ్మో అనిపిస్తుంది. మరి రోడ్డుకి ఒక్క పక్కన ఉదయం నుంచి రాత్రి దాకా ఆగి ఉండే కార్లు ఆక్రమించేది ఆ రెండు మీటర్లే కదా. అదే యాభై కోట్ల స్థలం, రూపాయి కట్టకుండా. ఇది రాశాక గ్రూపులో ఎవరో గణపతి చందా విషయం ఎత్తారు, చర్చ అటు వెళ్లిపోయింది.

ఇంకొకాయన "సైకిల్ ఇప్పుడెవరి దగ్గరుంది?" అన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 45 శాతం ఇళ్లలో సైకిలుంది, కారున్న ఇళ్లు అయిదు శాతం లోపు. పాత లెక్కే, ఈలోగా కార్లు పెరిగే ఉంటాయి. అయినా ఉదయం ఏడు గంటలకి మా గేటు దగ్గర నిలబడితే, హౌస్‌కీపింగ్ వాళ్లు, వాచ్‌మన్లు, పాలబ్బాయి, పేపర్ అబ్బాయి, సెంట్రింగ్ పనివాళ్లు ఎలా వస్తున్నారో ఆయనే చూడొచ్చు. మేం ఆరుగురం ఒకరోజు జంక్షన్ దగ్గర నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డాం, వెళ్లిన ప్రతి సైకిల్‌కీ ఒక గీత, అయిదో దానికి అడ్డగీత. తొమ్మిదయ్యేసరికి మూడు పేజీలు నిండాయి. హెల్మెట్, రంగుల జెర్సీ వేసుకున్నవాళ్లు రెండు చేతుల వేళ్లకి సరిపోయారు. మిగిలినవాళ్లంతా టిఫిన్ బాక్సులవాళ్లే.

ఆ పేజీలు పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాం. అక్కడి నుంచి ఇంకో ఆఫీసుకి పంపారు, అక్కడి నుంచి మొదటిదానికి. మూడోసారి వెళ్లినప్పుడు ఒక ఇంజినీర్ గారు నిజంగానే కూర్చోబెట్టి విన్నారు. మేం పెద్దగా ఏం అడగలేదు. ఇంకో 23 కిలోమీటర్లు వద్దు, పైకప్పు వద్దు. ఉన్న ట్రాక్‌కి కాలనీల నుంచి దారి కావాలి. సర్వీస్ రోడ్డుకి ఒక పక్కన, కారెక్కలేనంత ఎత్తు గట్టుతో రెండు మీటర్ల పట్టీ. ఇంటర్‌చేంజ్ దగ్గర రోడ్డు దాటే చోట నేల కాస్త ఎత్తు చేసి, బండ్లు నెమ్మదించేలా ఒక క్రాసింగ్. సైకిల్ దారి ఎలా వేయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రోడ్లు బండ్ల కోసం కాదు, మనుషుల రాకపోకల కోసం అని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

ఆయనన్న మాట కూడా కాదనలేను. "అమ్మా, పట్టీ వేస్తే ట్రాఫిక్ జామ్‌లో బైకులన్నీ అందులోకే వస్తాయి. బొల్లార్డులు, అంటే దారికి అడ్డంగా పాతే పొట్టి స్తంభాలు, దగ్గర దగ్గరగా పెడితే మీ సైకిలే పట్టదు, వీల్‌చెయిర్ అసలు పట్టదు. దూరంగా పెడితే బైకు పడుతుంది." నిజమే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. బైకులొస్తాయి. వచ్చినా పాప వెనక ట్యాంకర్ ఉండదు కదండీ అన్నాను. ఆయన తలూపి, కాగితం మీద ఏదో రాసి, ఫైల్లో పెట్టుకున్నారు. అది ఫిబ్రవరి. ఫార్వర్డ్ చేశామని మెసేజ్ వచ్చింది, అంతే.

ఈలోగా జరిగిన ఒకే ఒక్క మార్పు మా దగ్గర్లోని సూపర్‌మార్కెట్‌లో. సైకిల్ ఎక్కడ పెట్టమంటారంటే సెక్యూరిటీ ప్రతిసారీ ట్రాలీల వెనక్కి, జనరేటర్ పక్కకి తోసేవాడు. మేనేజర్‌ని అడిగితే స్థలం లేదన్నాడు. ఒక కారు చోటులో ఎనిమిది సైకిళ్లు పడతాయని నేలమీద సుద్దముక్కతో గీసి చూపించాను. కొనడానికొచ్చిన ఒక పెద్దావిడ నిలబడి చూసి, "గీసింది చాలుగానీ, ఆ పిల్ల అడిగింది ఇవ్వు బాబూ" అంది. నా వాదన కన్నా అదే పనిచేసిందనుకుంటాను. పది రోజుల్లో ఇనుప స్టాండు వచ్చింది. వచ్చిన మర్నాడే దాని ముందు అడ్డంగా ఒక కారు ఆపి ఉంది. సెక్యూరిటీ అబ్బాయే వెళ్లి తీయించాడు, తర్వాత గొలుసు కట్టాడు. పోయిన వారం చూస్తే స్టాండులో అయిదు సైకిళ్లున్నాయి, ఒకదాని వెనక మడ్‌గార్డు మీద సీడీ మెరుస్తోంది.

ట్రాక్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. నీళ్లు రెండు సీసాలు, చిన్న గాలిపంపు పట్టుకెళ్లండి. జూన్, జూలైల్లో కొల్లూరు వైపు ఎదురుగాలి ఉంటుంది, వెళ్లేటప్పుడే కష్టపడి వచ్చేటప్పుడు హాయిగా రండి. పిల్లలతో అయితే పోలీస్ అకాడమీ వైపు మేలు, దూరం తక్కువ. ఆదివారం అయితే ఆరులోపే చేరుకోండి. ఆరున్నర దాటితే ఆ సైకిల్ ట్రాక్ దగ్గర కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు.